పట్టా మీద రాజు పేరు

(మెల్‌బోర్న్‌లో తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. ఇందాక మన సమావేశం మొదలవగానే ఒక అమ్మాయి వేదిక మీదికి వచ్చి చక్కటి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చదివింది. ఈ నేలకు సంప్రదాయ యజమానులైన వురుండ్జెరి ప్రజలకు, వారి పెద్దలకు గౌరవం తెలుపుతున్నామని, ఈ నేలను వారు ఎన్నడూ ఎవరికీ వదులుకోలేదని చదివింది. చదివి వెళ్ళి కూర్చుంది, మనం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు నాదొక చిన్న ప్రశ్న. ఆ నాలుగు వాక్యాల్లో చివరిది ఏమిటో మీలో ఎంతమంది విన్నారు? సిగ్గుపడవలసిన పని లేదు, నేను కూడా చాలా ఏళ్ళు వినలేదు. ఆ సమయంలో మనం సెల్‌ఫోను సైలెంట్‌లో పెట్టుకుంటూ ఉంటాం, పక్కవాళ్ళను కుశలప్రశ్నలు అడుగుతూ ఉంటాం.

దీన్ని ఇక్కడ అక్నాలెజ్‌మెంట్ ఆఫ్ కంట్రీ అంటారు. ఈ పూట నా సౌకర్యం కోసం నేలస్మరణ అంటాను. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంట్లో ఏ వ్రతం చేసుకున్నా పురోహితుడు ముందు సంకల్పం చెప్పిస్తాడు. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అని మొదలుపెట్టి, మేరువుకు ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య కూర్చున్నామో చెప్పిస్తాడు. పని మొదలుపెట్టే ముందు ఎక్కడ ఉన్నామో చెప్పుకోవాలని మన పెద్దలు ఎప్పుడో నియమం పెట్టుకున్నారు. అయితే ఒక్క తేడా ఉంది, దాన్ని గమనించండి. మన సంకల్పంలో పర్వతం ఉంది, నది ఉంది, ఆ నేల ఎవరిదనే మాట మాత్రం లేదు. ఇక్కడి నేలస్మరణలో ఉన్నదంతా ఆ మాటే. నేల ఎవరిది? వాళ్ళు వదులుకోలేదంటున్నాం కదా, మరి మన చేతిలోకి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం నా ఉద్యోగం. నేను ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ క్రయవిక్రయాల కాగితాలు చూసే పనిలో ఉన్నాను. మీలో కొందరి ఇళ్ళ కాగితాలు కూడా నా చేతుల మీదుగా పోయాయి. ఇల్లు కొన్నప్పుడు మనం చూసేది ఇప్పటి యజమాని పేరు, బ్యాంకు తనఖా, డ్రైనేజీ గొట్టం వెళ్ళే హద్దు. వాటితో పని అయిపోతుంది. కానీ ఆ టైటిల్‌ను పట్టుకుని వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళండి. ముప్ఫై ఏళ్ళు, ఎనభై ఏళ్ళు, నూట యాభై ఏళ్ళు. అలా వెళ్ళగా వెళ్ళగా అడుగున ఒక కాగితం తగులుతుంది. దాని పేరు క్రౌన్ గ్రాంట్. అంటే రాజు, లేదా రాణి, ఫలానా వ్యక్తికి ఈ భూమి ఇచ్చారని చెప్పే మొదటి పట్టా. దాని కింద ఇంకేమీ ఉండదు. రాజుకు ఎవరిచ్చారని అడిగితే కాగితం పలకదు.

క్రౌన్ అన్న మాటను తెలుగులో కిరీటం అని పెడితే తప్పుదారి పడతాం. కిరీటం అనగానే మనకు నాటకాల్లో దుర్యోధనుడు కనిపిస్తాడు, లేదా లండనులో బంగారు బండి ఎక్కిన మనిషి కనిపిస్తాడు. ఆస్ట్రేలియా చట్టంలో క్రౌన్ అంటే మనిషి కాదు. మన ఊళ్ళలో తాతలు వాడిన మాట ఒకటి ఉంది కదా, సర్కారు. సర్కారు భూమి, సర్కారు బావి, సర్కారు తుమ్మ. క్రౌన్‌కు సరిపోయే తెలుగు మాట అదే. ఇది మనసులో పెట్టుకుంటే ఈ దేశంలో రాజరికం మీద జరిగే వాదన సగం తేటపడుతుంది. మనిషి గురించి పోట్లాడుకుంటున్నామని అందరూ అనుకుంటారు. పోట్లాట అడుగున ఉన్నది సర్కారు, సర్కారు చేతిలో ఉన్న నేల.

సర్కారు అన్నాను కాబట్టి మన సర్కారు జిల్లాల సంగతి ఒకటి చెప్పాలి. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి ఎలా వెళ్ళాయి? 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా ఇచ్చాడు, 1766లో నిజాముతో ఒప్పందం జరిగింది. గుంటూరు సర్కారు మాత్రం వెంటనే రాలేదు, అది 1788లో కంపెనీ స్వాధీనమైంది. గుంటూరువాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉంటారు, గుంటూరువాళ్ళు లేని ఊరు ఎక్కడుంది! అదే 1788వ సంవత్సరం జనవరి 26న 11 ఓడలతో వచ్చిన ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ రేవులో ఇంగ్లండు జెండా పాతాడు. రెండు చోట్లా రాజు ఒకడే, మూడో జార్జి. గుంటూరు కోసం నిజాముతో మాట్లాడవలసి వచ్చింది, కాగితం రాయవలసి వచ్చింది, డబ్బు లెక్క చూడవలసి వచ్చింది. సిడ్నీలో గాడిగల్ ప్రజల నేల కోసం ఎవరితోనూ మాట్లాడలేదు, ఒక్క కాగితం కూడా రాయలేదు. అంతకు 18 ఏళ్ళ ముందు, 1770లో కెప్టెన్ కుక్ వచ్చినప్పుడు ఆయనకు ఇచ్చిన రహస్య ఆదేశాల్లో అక్కడి ప్రజల సమ్మతితోనే భూమి స్వాధీనం చేసుకోమని ఉంది. ఆ సమ్మతి ఎవరూ అడగలేదు. ఆగస్టు 22న ఒక చిన్న దీవి మీద నిలబడి తూర్పు తీరమంతా రాజుదేనని ప్రకటించి ఆయన వెళ్ళిపోయాడు.

ఎందుకీ తేడా? తెల్లవాళ్ళకు గుంటూరు రైతు మీద ప్రత్యేకమైన ప్రేమ ఉందా? లేదు, రైతును అక్కడ కూడా ఎవరూ అడగలేదు. గుంటూరులో శిస్తు ఉంది, శిస్తు రాసే కరణం ఉన్నాడు, కరణం పైన జమీందారు, ఆయన పైన నిజాము ఉన్నారు. శిస్తు పుస్తకం కనిపించిన చోట వాళ్ళకు యజమాని కనిపించాడు. ఇక్కడ శిస్తు లేదు, కంచె లేదు, దుక్కి లేదు. అందుకని మనుషులు కళ్ళెదుట నిలబడి ఉన్నా వాళ్ళకు యజమాని కనిపించలేదు. ఈ భావానికి తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చిన లాటిను పేరు టెర్రా నల్లియస్, ఎవరిదీ కాని నేల. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే ఖండం మొత్తాన్ని ఒక్క కలం పోటుతో పోరంబోకు అని రాసేశారు.

ఇప్పుడు మన ఊరికి, మెల్‌బోర్న్‌కి వద్దాం. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు, మీరు కాస్త ఓపిక పట్టాలి.

1835లో టాస్మేనియా నుంచి జాన్ బాట్‌మన్ అనే ఆయన వచ్చాడు. ఆయనకు గొర్రెల మేతకు నేల కావాలి. జూన్ నెలలో ఒక వాగు ఒడ్డున వురుండ్జెరి పెద్దలు ఎనిమిది మందిని కలిసి, ఇంగ్లీషు దస్తావేజు ఒకటి ముందు పెట్టి, సంతకాలుగా గుర్తులు పెట్టించుకున్నాడు. దుప్పట్లు, గొడ్డళ్ళు, చాకులు, కత్తెరలు, అద్దాలు, పిండి ఇచ్చి, ఏటా ఇంత ఇస్తానని రాసి, దాదాపు 6 లక్షల ఎకరాలు తనదన్నాడు. అది మోసమా? ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ పొంతన లేదు కాబట్టి మోసమే అనాలి. ఆ పెద్దలు దేనికి ఒప్పుకున్నామని అనుకున్నారో చూస్తే ఇంకా బాధ కలుగుతుంది. ఈ ప్రాంతపు కులిన్ ప్రజలకు టాండెరమ్ అనే ఆచారం ఉంది. పరాయి ఊరివాళ్ళు వస్తే ఆకులూ రెమ్మలూ చేతికిచ్చి, నీళ్ళిచ్చి, కొంతకాలం ఈ నేల మీద తిరగవచ్చు, ఇక్కడి నీళ్ళు తాగవచ్చు, మా నియమాలు మాత్రం పాటించాలి అని చెప్పే ఆతిథ్యం అది. బాట్‌మన్‌కు వాళ్ళు ఇచ్చినది ఆ ఆతిథ్యమే కావచ్చునని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అరుగు మీద కూర్చోమని మంచినీళ్ళిస్తే ఇల్లు రాసిచ్చారని దస్తావేజు చూపించినట్టు అయింది.

విచిత్రం ఇంతటితో ఆగలేదు. ఆ దస్తావేజు సిడ్నీలో గవర్నరు రిచర్డ్ బర్క్ దగ్గరికి వెళ్ళింది. 1835 ఆగస్టు 26న ఆయన ఒక ప్రకటన జారీ చేసి ఆ ఒప్పందం చెల్లదన్నాడు. ఎందుకు చెల్లదు? ఆదివాసులను మోసగించారు కాబట్టి అన్నాడా? అనలేదు. ఈ భూములు సర్కారువి, సర్కారు అనుమతి లేకుండా ఇక్కడ కాలుపెట్టినవాళ్ళు అక్రమంగా చొరబడినవాళ్ళు అన్నాడు. చూడండి ఎంత తమాషాగా ఉందో. మోసంతోనైనా సరే, ఈ నేలకు యజమానులు ఉన్నారని ఒప్పుకున్న ఒకే ఒక్క కాగితం బాట్‌మన్‌ది. రాజు పేరు మీద దాన్ని కొట్టేసిన కాగితం బర్క్‌ది. మెల్‌బోర్న్‌లో మన ఇళ్ళ పట్టాలన్నిటికీ వేరు బర్క్ కాగితంలో ఉంది. అప్పటి రాజు నాలుగో విలియం. సిటీలో విలియం స్ట్రీట్ ఆయన పేరే, క్వీన్ స్ట్రీట్ ఆయన భార్య అడిలైడ్ రాణిది. కింగ్ స్ట్రీట్ మాత్రం రాజుది కాదు, కింగ్ అనే ఇంటిపేరున్న ఒక గవర్నరుది. ఈ సంగతి క్విజ్‌లో పనికొస్తుంది, రాసుకోండి. మన రాష్ట్రపు సుప్రీంకోర్టు ఉన్నది కూడా ఆ విలియం స్ట్రీట్‌లోనే.

ఆ వాగు ఒడ్డున పెద్దలు గుర్తులు పెడుతున్నప్పుడు చూశానని తరువాత చెప్పుకున్న ఒక పిల్లవాడు ఉన్నాడు. అతని పేరు విలియం బరాక్. మీరందరూ ఆయన ముఖం చూసే ఉంటారు. స్వాన్‌స్టన్ స్ట్రీట్ ఉత్తరపు కొసన ఒక ఎత్తైన ఫ్లాట్ల భవనం ఉంది, దాని బాల్కనీల అంచులన్నీ కలిసి దూరం నుంచి ఒక గడ్డం ముసలాయన ముఖంలా కనిపిస్తాయి. ఆయనే బరాక్. ఏదో కంపెనీ ప్రకటన అనుకున్నానని నాతో ఒక మిత్రుడు అన్నాడు. ఆ ముఖం మీద ఫ్లాట్లు ఒక్కొక్కటీ విడివిడి టైటిల్‌తో అమ్ముడుపోయాయి. ఇంతకన్నా ఏం చెప్పను!

బరాక్, అప్పటి వాళ్ళ పెద్ద సైమన్ వోంగా, తమ జనాన్ని వెంటబెట్టుకుని 1863 మే నెలలో విక్టోరియా రాణి పుట్టినరోజు వేడుకకు గవర్నరు కొలువుకు వెళ్ళారు. రాణికి పంపమని తమ చేతి వస్తువులు కానుకలుగా ఇచ్చారు. కొన్ని వారాలకే హీల్స్‌విల్ దగ్గర కోరండర్క్ అనే చోట 2,300 ఎకరాలు వాళ్ళ కోసం కేటాయించినట్టు ప్రకటన వెలువడింది. ఇది రాణి మాకిచ్చిన నేల అని వాళ్ళు నమ్మారు. వెర్రి నమ్మకం అందామా? అంతకు ఐదేళ్ళ ముందు, 1858 నవంబరు 1న, అదే రాణి మన వాళ్ళకు ఇచ్చిన ప్రకటనలో ఏముందో గుర్తు చేసుకోండి. పూర్వీకుల నుంచి సంక్రమించిన భూముల మీద భారతీయులకున్న మమకారం మాకు తెలుసు, దాన్ని గౌరవిస్తాం అని ఉంది. మనవాళ్ళు కూడా నమ్మారు. రాణి మాటగా చెప్పినదాన్ని నమ్మడం ఆ కాలపు మనుషులకు సహజం. మధ్యలో ఉన్న దొరలు చెడ్డవాళ్ళు, పైనున్న రాణి మంచిదని సామ్రాజ్యంలో ప్రతి మూలా అనుకున్నారు.

కోరండర్క్‌లో వాళ్ళు అడవి నరికి, ఇళ్ళు కట్టుకుని, బీరు తయారీకి వాడే హాప్స్ పంట వేశారు. 1881లో మెల్‌బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శనలో వాళ్ళ పంటకు బహుమతి వచ్చింది. నేల బాగా పండితే ఏమవుతుంది? కరెక్ట్, ఇరుగుపొరుగు కన్ను పడుతుంది. ఈ జనాన్ని ఇక్కడి నుంచి తరలించాలన్నారు. బరాక్ మనుషులతో కలిసి దాదాపు 60 కిలోమీటర్లు నడిచి పార్లమెంటు దగ్గరికి వచ్చాడు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 1881లో విచారణ సంఘం వేయించగలిగాడు. కానీ 1886లో ఒక చట్టం చేసి, మిశ్రమ సంతానమనే ముద్ర వేసి, వయసులో ఉన్నవాళ్ళను రిజర్వుల నుంచి, అంటే కోరండర్క్ లాంటి కేటాయింపు నేలల నుంచి, వెళ్ళగొట్టారు. పొలంలో చేసే చేతులు లేకుండా పోయాయి. 1893లో సగం నేల వెనక్కి తీసుకున్నారు. 1903లో బరాక్ చనిపోయాడు, 1924లో కోరండర్క్ మూతపడింది. 1999లో అందులో ఒక చిన్న ముక్క, 200 ఎకరాలు, తిరిగి వాళ్ళ వారసుల చేతికి వచ్చింది. ఎలా వచ్చిందంటారు? సర్కారు తప్పు ఒప్పుకుని ఇచ్చిందా? ఆదివాసుల భూముల కోసం పెట్టిన సంస్థ దాన్ని డబ్బు పెట్టి కొన్నది.

ఇంకొక అర్జీ కథ కూడా చెప్పి ముందుకు వెళతాను. ముర్రే నది ప్రాంతపు యోర్టా యోర్టా పెద్దమనిషి విలియం కూపర్ 1930లలో ఊరూరా తిరిగి ఐదో జార్జి రాజుకు ఒక అర్జీ తయారుచేశాడు. పార్లమెంటులో మా తరఫున ఒక ప్రతినిధి ఉండాలని అందులో అడిగాడు. 1,814 సంతకాలు పోగయ్యాయి. ప్రధానమంత్రికి ఇచ్చి రాజుకు పంపమన్నాడు. అప్పటికి రాజు మారాడు, ఆరో జార్జి వచ్చాడు. 1938లో మంత్రివర్గం ఆ అర్జీని రాజుకు పంపనవసరం లేదని నిర్ణయించింది. అంటే రాజు పేరుతో నేల తీసుకోవచ్చు, రాజు పేరుతో అర్జీ మాత్రం పోస్టు కాదు.

ఆ యోర్టా యోర్టా ప్రజలే తరువాత తమ నేల కోసం కోర్టుకు వెళ్ళారు. 1998లో న్యాయమూర్తి చరిత్ర ప్రవాహం వాళ్ళ హక్కును కొట్టుకుపోయిందన్నాడు, 2002లో హైకోర్టు, ఈ దేశంలో అన్నిటికంటే పై కోర్టు అదే, ఆ తీర్పునే నిలబెట్టింది. వాళ్ళ సంప్రదాయం తెగిపోయిందనడానికి ఆ న్యాయమూర్తి చూపిన ఆధారాల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1881లో వాళ్ళ తాతలు 42 మంది సేద్యానికి కొంత నేల ఇప్పించమని గవర్నరుకు పెట్టుకున్న అర్జీ. మా నేలంతా ప్రభుత్వం, తెల్లవాళ్ళు తీసుకున్నారు, బతకడానికి కొంత ఇవ్వండి అని అడిగిన కాగితాన్ని, మీరు మీ సంప్రదాయం వదిలేశారనడానికి సాక్ష్యంగా చదివారు. న్యాయశాస్త్రం చదువుకున్నవాణ్ణి నేను, తీర్పులో తర్కం నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మింగుడు పడదు.

మీలో కొందరికి ఈపాటికి ఒక భయం పుట్టి ఉంటుంది. అయితే మా ఇల్లు పోతుందా అని. పోదు. 1992 జూన్ 3న మాబో తీర్పు వచ్చింది. టారెస్ జలసంధిలోని మర్రే దీవికి చెందిన ఎడ్డీ మాబో పదేళ్ళు పోరాడిన కేసు అది, తీర్పు వినకుండానే ఆయన అదే ఏడు జనవరిలో చనిపోయాడు. ఎవరిదీ కాని నేల అన్న మాట అబద్ధమని, ఆదివాసుల హక్కు బ్రిటిషువాళ్ళు వచ్చాక కూడా బతికే ఉందని కోర్టు చెప్పింది. అదే నోటితో, సర్కారు ఎవరికైనా పూర్తి హక్కుతో పట్టా ఇచ్చిన చోట ఆ పాత హక్కు ఆరిపోయిందని కూడా చెప్పింది. అందుచేత మీ పెరట్లో కరివేపాకు మొక్క క్షేమం. కానీ దాని అర్థం ఏమిటో కూడా ఆలోచించండి. నేల ఆదివాసులదే అని ఒప్పుకుంటూ, మేము తీసేసుకున్న చోట మాత్రం కాదు అని చెప్పిన తీర్పు అది. సర్కారుకు నేల మీద సార్వభౌమాధికారం ఎలా వచ్చిందని మాత్రం ఈ దేశపు కోర్టు అడగలేదు, అడగజాలనని తానే చెప్పుకుంది.

ఇక రాజు ఉండాలా వద్దా అన్న వాదన. 1999 నవంబరు 6న ఈ దేశం దాని మీద ఓటు వేసింది. 55 శాతం వరకు వద్దన్నారు, అంటే రిపబ్లిక్ వద్దన్నారు. దేశాధ్యక్షుణ్ణి పార్లమెంటు ఎన్నుకోవాలా, ప్రజలే ఎన్నుకోవాలా అన్న చోట రిపబ్లిక్ కోరేవాళ్ళే రెండుగా చీలిపోయారు. ఇది అందరికీ తెలిసినదే. కానీ ఆ రోజు బ్యాలెట్‌లో రెండో ప్రశ్న కూడా ఉంది, అది దాదాపు ఎవరికీ గుర్తు లేదు. రాజ్యాంగానికి ఒక పీఠిక చేర్చి, అందులో ఆదివాసులనూ టారెస్ జలసంధి దీవులవాళ్ళనూ ఈ దేశపు మొదటి ప్రజలుగా గౌరవించాలా అన్న ప్రశ్న అది. దానికి 60 శాతానికి పైగా వద్దన్నారు. రాజు ప్రశ్న కంటే నేలస్మరణ ప్రశ్న ఇంకా ఘోరంగా ఓడిపోయింది. మళ్ళీ 2023 అక్టోబరు 14న, ఆదివాసులకు పార్లమెంటు ముందు ఒక సలహా వేదిక ఇవ్వాలా అని అడిగినప్పుడు కూడా 60 శాతం వద్దన్నారు. విలియం కూపర్ అడిగినదానికి అది చిన్న తమ్ముడి లాంటిది. మనవాళ్ళు ఎటు వేశారో నేను అడగను, మీరు చెప్పవద్దు, భోజనాల దగ్గర గొడవ అవుతుంది.

2024 అక్టోబరులో చార్లెస్ రాజు కాన్‌బెర్రా వచ్చాడు. పార్లమెంటు భవనంలో ఆయన ప్రసంగం ముగియగానే ఆదివాసీ సెనేటర్ లిడియా థార్ప్ లేచి, నువ్వు నా రాజువు కాదు, మా నేల మాకివ్వు, మాతో ఒడంబడిక చేసుకో అని కేకలు వేసింది. సిబ్బంది ఆమెను బయటికి తీసుకువెళ్ళారు, నవంబరులో సెనేట్ అభిశంసన తీర్మానం చేసింది. వీడియో అందరూ చూశారు, మర్యాద తప్పిందా లేదా అని నెల రోజులు వాదించారు. ఆ ఉదయం రాజుకు స్వాగతం చెప్పిన ఒక ఆదివాసీ పెద్దమ్మ కూడా ఆ తీరు తనకు నచ్చలేదని చెప్పింది. సరే, మర్యాద సంగతి అలా ఉంచుదాం. అదే సభలో రాజు తన ప్రసంగంలో ఏం చేశాడో ఎవరైనా గమనించారా? మనం సమావేశమైన ఈ నేలకు సంప్రదాయ యజమానులైన ఎన్‌గునవాల్ ప్రజలకు గౌరవం తెలుపుతున్నాను అన్నాడు. ఎవరి పేరుతో ఆ నేల పోయిందో ఆయనే నేలస్మరణ చేశాడు. ఆమె కేకకూ ఆయన వాక్యానికీ విషయం ఒక్కటే. కేకకు శిక్ష పడింది, వాక్యానికి చప్పట్లు పడ్డాయి. నేలస్మరణ ఎంత మెత్తని వస్తువైపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ నోట్లోనైనా ఇమిడిపోతుంది, రాజు నోట్లో కూడా.

అయితే రాజును తీసేస్తే సరిపోతుందా? ఇక్కడ మన అనుభవం కొంచెం పనికొస్తుంది. 1947 ఆగస్టు తరువాత కూడా రెండున్నర ఏళ్ళు ఆరో జార్జి మనకు రాజుగా ఉన్నాడు. 1950 జనవరి 26న రిపబ్లిక్ అయ్యాం. ఆ రోజు రాజు పేరున ఉన్న ఆస్తులు ఏమయ్యాయి? రాజ్యాంగం 294వ అధికరణం చదవండి. అంతకుముందు హిజ్ మెజెస్టీకి చెంది ఉన్న ఆస్తులన్నీ కేంద్రానికీ రాష్ట్రాలకూ సంక్రమిస్తాయి అని ఉంటుంది. అంటే 1882 మద్రాసు అటవీ చట్టం కింద రంపలో, గూడెంలో పోడు కొట్టుకునేవాళ్ళ దగ్గర తీసుకున్న కొండలు, ఏ కొండల కోసం 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచిందో ఆ కొండలు, రాజు పేరు కొట్టేసి ప్రభుత్వం పేరు రాసుకోవడంతో చేతులు మారాయి. కోయలకూ కొండరెడ్లకూ తిరిగి రాలేదు. 1970 నాటి 1/70 నిబంధన వచ్చి బయటివాళ్ళ కొనుగోళ్ళను ఆపింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వం తన భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకు ఇవ్వకూడదు అనేదాకా వెళ్ళింది. 2006లో అటవీ హక్కుల చట్టం పీఠికలో మొదటిసారి ఒప్పుకున్నారు, వలస పాలనలోనే కాదు, స్వతంత్ర భారతంలో కూడా ఈ ప్రజలకు చారిత్రక అన్యాయం జరిగిందని. నా దృష్టిలో మన దేశపు నేలస్మరణ అదే. రాజు పోయిన 56 ఏళ్ళకు వచ్చింది.

కాబట్టి రిపబ్లిక్ కావాలనే మిత్రులకు, నేను కూడా వాళ్ళలో ఒకణ్ణే, నేను చెప్పేది ఇదే. రాజును తీసేయండి, నేను ఓటు వేస్తాను. కానీ పట్టా మీద క్రౌన్ అన్న మాట కొట్టేసి కామన్‌వెల్త్, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వం, అని రాస్తే నేల కథ ముగిసిందని అనుకోవద్దు. అప్పు తీసుకున్నవాడు పేరు మార్చుకుంటే నోటు చెల్లకుండా పోదు. న్యూజీలాండ్‌లో మావోరీలు 1840లో వైటంగిలో రాజ్యంతో సంతకాలు చేసిన ఒడంబడిక ఉంది, కెనడాలో చాలా తెగలకు అలాంటి ఒడంబడికలున్నాయి. అక్కడ చాలామంది ఆదివాసులు రాజు పోతాడంటే సంతోషించరు. ఎందుకని? బాకీదారు పారిపోతాడేమోనని. ఆస్ట్రేలియాలో ఆ నోటు కూడా రాయలేదు. ఇన్నాళ్ళకు, 2025 చివర, మన రాష్ట్రమైన విక్టోరియా పార్లమెంటు ఆదివాసుల సభతో ఒడంబడిక చట్టం చేసింది. అది ఎవరి ఇల్లూ తీసుకోదు, ఎవరికీ నష్టపరిహారం ఇవ్వదు. వాళ్ళ ఎన్నికైన సభకు శాశ్వత స్థానం ఇస్తుంది, చరిత్రను రికార్డు చేయిస్తుంది. చాలా తక్కువే. అయినా బాట్‌మన్ కాగితం కొట్టేసిన 190 ఏళ్ళకు ఈ నేల మీద రెండో సంతకం అది.

ఇప్పుడు మన మాట. నేను ఎవరి నేలా లాక్కోలేదు, డబ్బు పెట్టి కొనుక్కున్నాను, నా సొంత దేశంలోకి నాకు ఎవరో స్వాగతం చెప్పడమేమిటి అని కొందరంటారు. 2025 ఏప్రిల్ 25న ఇక్కడి యుద్ధ స్మారకం దగ్గర తెల్లవారుజామున యుద్ధవీరుల స్మరణ సభలో ఒక ఆదివాసీ పెద్ద, నేలస్మరణకు జోడీగా, ఆ నేల ప్రజల తరఫున స్వాగతం చెబుతుంటే కొందరు అరిచి గోల చేశారు. వాళ్ళ సంగతి వదిలేద్దాం. కానీ మన ఇళ్ళలో మెల్లగా అనుకునేవాళ్ళ మాటకు జవాబు చెప్పాలి. మీరు లాక్కోలేదు, నిజమే. కొన్నారు, అదీ నిజమే. మీ ఊళ్ళో పొలం కొనేటప్పుడు ఏం చేస్తారు? అమ్మేవాడికి ఎలా వచ్చిందో లింకు దస్తావేజులు అడగరా? ఎన్‌కంబరెన్స్ తీయించరా? ఇక్కడ ఆ పని లేదు, ఎందుకంటే 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టారెన్స్ అనే ఆయన పెట్టిన పద్ధతి ప్రకారం రిజిస్టరులో పేరుంటే చాలు, వెనక్కి చూడనక్కరలేదు. 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌ను ఊపేసి, ఆ తరువాత రద్దయిన ల్యాండ్ టైట్లింగ్ చట్టానికి తాత ఆ పద్ధతే. మా తాతల పాత దస్తావేజులు చూడకుండా మీరెలా టైటిల్ ఇస్తారని మనవాళ్ళు అక్కడ ఎంత ఆందోళన పడ్డారు! ఆ ఆందోళన న్యాయమే అనుకుంటే, వురుండ్జెరి ప్రజల ఆందోళన మనకు అందరికంటే ముందు అర్థం కావాలి.

ఇంకొక వైపు నుంచి వచ్చే విమర్శ నాకు ఎక్కువ బరువైనదిగా అనిపిస్తుంది. ఆదివాసుల్లోనే చాలామంది అంటున్నారు, మీరు ప్రతి మీటింగులో ఈ నాలుగు వాక్యాలు చదివి చేతులు దులుపుకుంటున్నారు అని. నిజమే కదా. మంత్రం అర్థం తెలియకుండా చదివితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? అందుకే నా సలహా ఒక్కటే, చిన్నది. నేలస్మరణ మానవద్దు. వచ్చే నెల నుంచి ఇంగ్లీషు కాగితం చదవకుండా తెలుగులో చెబుదాం, బర్క్ పేరు, బరాక్ పేరు, కోరండర్క్ పేరు కలిపి చెబుదాం. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. సన్మానాల్లో ఆ రెండు నిమిషాలు తగ్గించుకోవచ్చు.

మీలో 1994కు ముందు ఇక్కడ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు... ముగ్గురు. మీరు ముగ్గురూ ఎలిజబెత్ రాణికి విధేయులమని ప్రమాణం చేశారు. మేమంతా ఆస్ట్రేలియాకూ దాని ప్రజలకూ ప్రమాణం చేశాం, రాజు మాట లేదు. ఆ ఏడాది పౌరుల ప్రమాణంలోంచి రాణిని తీసేశారు. పార్లమెంటు సభ్యులు మాత్రం ఇప్పటికీ రాజుకే ప్రమాణం చేస్తారు. 2022లో లిడియా థార్ప్ ప్రమాణం చేస్తూ వలసలు పెట్టిన రాణి అని ఒక మాట కలిపితే మళ్ళీ మొదటి నుంచి చేయించారు. మా ప్రమాణంలో ప్రజలు అన్న మాట ఉంది కాబట్టి ఆ ప్రజల్లో వురుండ్జెరివాళ్ళు ఉన్నారో లేదో మేము చూసుకోవాలి. రాణికి ప్రమాణం చేసిన ముగ్గురు పెద్దలు రాణి మాటను బరాక్ ఎలా నమ్మాడో గుర్తుంచుకుంటే చాలు.

జనవరి 26 వస్తోంది. మనం ఉదయం జనగణమన పాడుకుని, మధ్యాహ్నం పక్కింటివాళ్ళ ఆస్ట్రేలియా డే బార్బెక్యూకు వెళతాం. ఒకే రోజు మనకు రాజు పోయిన రోజు, ఇక్కడివాళ్ళకు రాజు జెండా పాతిన రోజు. 1938లో అదే తేదీన విలియం కూపర్, ఆయన మిత్రులు సిడ్నీలో సంతాప దినం జరిపారు. ఏ పండక్కి వెళ్ళాలో నేను చెప్పను.

మా ఇంటి టైటిల్ వెనక్కి తీసుకుంటూ వెళితే తగిలిన క్రౌన్ గ్రాంటు నకలు ఒకటి తెచ్చాను. పుచ్చుకున్నవాడి పేరు కనబడకుండా మూశాను, ఆయన వారసులు ఎక్కడైనా ఉంటారు కాబట్టి. ఇచ్చినవారి పేరు పైన పెద్ద అక్షరాల్లో ఉంది. కాఫీ పక్కన ఆ బల్ల మీద పెడుతున్నాను, వచ్చి చూడండి. చేతికి నూనె లేకుండా చూసుకోండి, పకోడీలు పెట్టారు. ఇక ప్రశ్నలు అడగండి.